గరుకు మీద రంగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టెక్స్చర్ చిత్రాలకు, అంటే బోర్డు మీద పేస్టుతో గరుకు తీర్చి వేసే బొమ్మలకు, రంగులు వేయడం గురించే ఉన్నాయి. కాలనీ సంఘాలూ, మహిళా బృందాలూ, బడులూ పదిమంది కలిసి కూర్చుని బొమ్మలు వేసుకునే వర్క్‌షాపులు పెట్టుకుంటున్నాయని, పేస్టుతో ఎత్తుపల్లాలు తీర్చేదాకా అంతా సవ్యంగానే సాగి, రంగు దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతున్నాయని ఆ ఉత్తరాలు చెబుతున్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాను. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మా కాలనీలో ఇరవై మంది ఆడవాళ్ళం కలిసి ఒక ఆదివారం టెక్స్చర్ పెయింటింగ్ వర్క్‌షాపు పెట్టుకున్నామండీ. ఉదయం బోర్డుల మీద పేస్టుతో ఆకులూ, అలలూ, పూలూ తీర్చాం. భోజనాలయ్యాక రంగులు మొదలుపెట్టగానే చాలామందికి కుంచెతో పాటు పేస్టు ఊడి వచ్చింది. రంగులు కూడా అందరివీ బురద రంగుకు తిరిగాయి. మళ్ళీ పెట్టుకుంటే రంగుల పూట ఎలా నడపాలో చెప్పండి. (నిర్వాహకురాలు, బరంపురం)

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు చిక్కులు ఉన్నాయి. పేస్టు ఊడి రావడానికి కారణం అది ఆరకపోవడం. రంగులు బురదగా మారడానికి కారణం నీళ్ళు, రంగుల సంఖ్య, తొందర.

ముందు పేస్టు సంగతి చూద్దాం. టెక్స్చర్ పేస్టులో ప్రధానంగా ఉండేది సుద్దపొడి లేదా పాలరాతి పొడి, దాన్ని పట్టి ఉంచే అక్రిలిక్ జిగురు, కొంత నీరు. ఆ నీరు పైనుంచే ఆవిరి కావాలి కాబట్టి పైపొర ముందుగా గట్టిపడుతుంది, లోపల మాత్రం మెత్తగానే ఉండిపోతుంది. వేలితో తాకి ఆరిందనుకుంటాం. కుంచె తడి తగిలి, దాని ఒత్తిడి పడగానే పైపెంకు చిట్లి లోపలి ముద్ద బయటికి వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పేస్టుకు పొడి వాతావరణంలోనే కనీసం ఒక రోజు ఇవ్వాలి. సముద్రపు గాలి తగిలే మీ ప్రాంతంలో ఆషాఢ శ్రావణాల్లో అయితే రెండు మూడు రోజులు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి అన్నిటికంటే మందంగా ఉన్న చోటును వెతికి గోటితో మెల్లగా నొక్కి చూడండి. నొక్కు పడితే ఆరలేదు. నొక్కు పడకపోయినా, చేతి వెనుక భాగం ఆనించినప్పుడు పక్కనున్న ఖాళీ బోర్డు కంటే చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉన్నట్టే.

కాబట్టి వర్క్‌షాపును రెండు ఆదివారాలకు విడదీయండి. మొదటి వారం పేస్టు, రెండవ వారం రంగు. ఒక్క రోజులోనే ముగించక తప్పదనుకుంటే రంగును పేస్టులోనే కలిపి, రంగు పేస్టుగానే బోర్డు మీద తీర్చడం మంచిది. అప్పుడు మీద కుంచె పెట్టే పనే ఉండదు. నిర్వాహకులే ముందుగా పేస్టు తీర్చిన బోర్డులను సిద్ధం చేసి, వచ్చినవారి చేత రంగులు మాత్రమే వేయించే పద్ధతి కూడా ఉంది గానీ, నాకు అది నచ్చదు. ఎక్కడ గట్టు లేచిందో, ఎక్కడ గాడి పడిందో తన చేతికి తెలిసిన మనిషి వేసే రంగుకూ, ఎవరో తీర్చిన దాని మీద వేసే రంగుకూ చాలా తేడా ఉంటుంది.

పేస్టు ఎంత కావాలో ముందే లెక్క వేసుకుంటే రెండు పొరలుగా పలచగా వేయడానికి వీలవుతుంది. 12 అంగుళాల చదరపు బోర్డు నిండా 2 మిల్లీమీటర్ల మందాన పరచడానికి దాదాపు 190 మిల్లీలీటర్ల పేస్టు పడుతుంది. బోర్డులో సగం మేరకే గరుకు తీర్చితే అందులో సగం చాలు, సగం ఖాళీగా ఉంచిన చిత్రాలే తరచుగా చూడముచ్చటగా ఉంటాయి కూడా.

ఇక బురద రంగు సంగతి. ఇరవై మంది మధ్య పన్నెండు ట్యూబుల పెట్టెలు తెరిచి పెడితే ప్రతి ఒక్కరూ ప్రతి రంగునూ ముట్టుకుంటారు. ఎరుపు మీద పచ్చ, పసుపు మీద ఊదా పడి, కింది పొర ఆరకముందే కలిసిపోతే మిగిలేది బూడిద గోధుమే. ఎదురెదురు రంగులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి చంపుకోవడం వాటి స్వభావం. అందువల్ల రంగుల పూటకు నాలుగే రంగులు బల్ల మీద పెట్టండి: అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రని గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), టైటానియం తెలుపు. మొదటి రెండూ కలిస్తే చక్కని ముదురు బూడిద రంగు వస్తుంది, గాడుల్లో నింపడానికి నలుపు ట్యూబు అవసరమే రాదు. ఓకర్, నీలం కలిస్తే మన కొండల మీది ఎండిన పచ్చదనం వస్తుంది. ఈ నాలుగింటితో ఇరవై మంది వేసినా ఇరవై బొమ్మలూ వేర్వేరుగానే ఉంటాయి, పక్కపక్కన పెడితే మాత్రం ఒక ఇంటివాళ్ళలా కలిసి ఉంటాయి.

నీళ్ళ విషయంలో రాజీ పడకండి. బల్లకు నలుగురిని కూర్చోబెట్టి, ప్రతి బల్లకూ రెండు డబ్బాలు పెట్టండి. కుంచె కడగడానికి ఒకటి, రంగు పలచన చేయడానికి ఒకటి. రెండవ డబ్బాలో రంగు కనిపించగానే నీళ్ళు మార్చే బాధ్యతను ఒకరికి అప్పగించండి. హాలుకంతటికీ ఒకే బకెట్ పెట్టడం వల్ల పాడయ్యే బొమ్మలు చేతగానితనం వల్ల పాడయ్యే వాటికంటే ఎక్కువ.

ఇంకొక్కటి. పేస్టు తీర్చే రోజునే ప్రతి ఒక్కరి చేతా అరచేయంత అట్టముక్క మీద కూడా కొంచెం పేస్టు, అదే చేతివాటంతో, అదే పనిముట్టుతో వేయించి ఆరబెట్టండి. రంగుల పూట మొదటి అరగంట ఆ అట్టముక్కకే కేటాయించాలి. అక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక ఒక పిసరు ముదురుతుంది. ఆ సంగతి పుస్తకంలో చదివి తెలుసుకోవడం వేరు, చేతిలోని అట్ట మీద చూడడం వేరు.

ప్రశ్న: పేస్టు తీర్చినప్పుడు ఎంతో అందంగా కనిపించిన గరుకు, రంగు వేశాక కనిపించకుండా పోతోంది. తెల్లగా ఉన్నప్పుడే బాగుందని ఇంట్లో వాళ్ళు కూడా అంటున్నారు. రంగు వేయకుండా వదిలేయడమే మేలా? (గృహిణి, పర్లాకిమిడి)

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడగవలసింది. తెల్లని పేస్టులో మీకు అందంగా కనిపించినది పేస్టు కాదు, దాని మీది నీడ. కిటికీలోంచి వచ్చే వెలుతురు గట్టు మీద పడి, పక్కనున్న గాడిలో నీడ పడినప్పుడు కన్ను ఆ నీడను చూసి ఎత్తుపల్లాలను గ్రహిస్తుంది. మీరు ఆ మిట్టకూ ఆ పల్లానికీ ఒకే చిక్కని రంగును ఒకే మందాన పూసినప్పుడు ఆ నీడ మునిగిపోతుంది, చిక్కని రంగు సన్నని గాడులను పూడ్చేస్తుంది కూడా. టెక్స్చర్ చిత్రంలో సగం రంగును నీడే వేసి పెట్టి ఉంటుంది, మన రంగు పని ఆ నీడను బలపరచడమే. నేను ఈ శీర్షికలో మళ్ళీ మళ్ళీ చెప్పాలనుకునేది ఇదే.

ఒక ఆకును తీసుకుందాం. పాలెట్ నైఫ్ (పేస్టు పరిచే పలచని చాకు) మొనతో ఈనెలు గీసిన అరచేయంత ఆకు, పూర్తిగా ఆరింది అనుకోండి. ఆరిన పేస్టు సున్నం కొట్టిన గోడలా రంగును పీల్చుకుంటుంది, వేసిన రంగును తుడవాలంటే రాదు. అందుకని ముందుగా అక్రిలిక్ మీడియంను (రంగు కలపని అక్రిలిక్ జిగురు) కొద్దిగా నీళ్ళతో కలిపి ఆకు మీద ఒక పలచని పూత వేసి ఆరనివ్వండి. తరువాత నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన ముదురు రంగు ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు, మీడియం కాస్త కలిపి, మెత్తని కుంచెతో ఆకు నిండా పారించండి. బోర్డును కొద్దిగా వంచితే రంగు తనంతట తానే ఈనెల గాడుల్లోకి జారుతుంది. ఒక నిమిషం ఆగి, పాత నూలు చీర ముక్కను తడిపి గట్టిగా పిండి, చూపుడు వేలికి బిగించి చుట్టుకుని, మిట్టల మీదుగా ఒక్కసారి తేలికగా తుడవండి. గుడ్డను ముడతలు లేకుండా చుట్టుకోవడం ముఖ్యం. ముడత ఉంటే అది గాడిలోకి దిగి, అక్కడ నిలవవలసిన రంగును లాగేస్తుంది. ఇప్పుడు ఈనెలు నల్లగా, ఆకు పైభాగం లేతగా నిలబడతాయి. అది పూర్తిగా ఆరాక అసలు ఆకుపచ్చను కింది పొర కనిపించేంత పలచని గ్లేజుగా వేసి, చివరికి ఓకర్‌లో తెలుపు కలిపిన రంగును గరుకు కుంచెకు అద్ది, ఆ కుంచెను కాగితం మీద దాదాపు పొడిబారేదాకా రుద్ది, ఆకు అంచుల మీద అడ్డంగా పోనివ్వండి. పొడి కుంచె మిట్టలను మాత్రమే తాకుతుంది.

రంగు ట్యూబు మీద చిన్న చదరపు గుర్తు ఉంటే చూడండి. చదరం ఖాళీగా ఉంటే అది పారదర్శకమైన రంగు, నిండుగా ఉంటే కప్పివేసే రంగు, సగం నిండితే మధ్యరకం. గాడుల్లోకి పారించడానికి, గ్లేజులకు ఖాళీ చదరం ఉన్నవి వాడాలి. టైటానియం తెలుపు నిండు చదరం, దాన్ని చివరి పొడి కుంచెకే దాచుకోవాలి. లేతగా కావాలని ప్రతి రంగులోనూ తెలుపు కలపడమే మీ గరుకు మాయమవడానికి అసలు కారణమని నా అనుమానం. లేత రంగు కావాలంటే నీళ్ళూ మీడియమూ పెంచి పలచన చేయండి, కిందనున్న పేస్టు తెలుపే దాన్ని లేతగా చూపిస్తుంది.

పనిచేసేటప్పుడు పైకప్పు ట్యూబులైటును ఆర్పేసి, కిటికీ పక్కన గానీ టేబుల్ లాంప్‌ను పక్కకు పెట్టి గానీ కూర్చోండి. ఏటవాలుగా పడే వెలుతురులో తప్ప గరుకు తన నిజరూపం చూపదు. ఇక రంగు వేయకుండా వదిలేయడం మేలా అని అడిగారు. కొన్ని చిత్రాలకు అదే మేలు. వాటికి సున్నపు తెలుపు మీద ఒక్క లేత వాష్ (నీళ్ళతో పలచన చేసిన రంగు పూత) చాలు.

ప్రశ్న: బజారు రంగులెందుకని, వాల్ పుట్టీతో బొమ్మ తీర్చి దాని మీద పసుపు నీళ్ళు పోశాం. పసుపు కాస్తా ఎర్రబడింది. గుడ్డ మీద సంప్రదాయ చిత్రాలు వేసే రఘురాజ్‌పూర్ పటచిత్రకారులు ప్రకృతి రంగులే వాడతారు కదా, ఆ రంగులు మా బృందానికి పనికొస్తాయా? (యువజన బృందం, గుణుపురం)

జవాబు: పసుపు ఎర్రబడడం మీ ఇంట్లో పెళ్ళిళ్ళకు పారాణి కలిపిన ఎవరినడిగినా చెబుతారు. పసుపులో సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మీరు వాడినది తెల్ల సిమెంటు ఆధారంగా చేసిన పుట్టీ. అందులో సున్నంలాంటి క్షారగుణం ఉంది కనుక పసుపు పారాణి అయింది. ఆ ఎరుపు కూడా నిలవదు, పసుపు వెలుతురుకు వెలిసిపోయే రంగు. బజారు రంగుల్లోనూ అసలు ప్రష్యన్ నీలం వంటివి క్షారానికి ఆగవు, గోధుమ రంగుకు తిరుగుతాయి. ఓకర్, సియెన్నా, గేరు (ఎర్రమట్టి) వంటి మట్టి రంగులకు సున్నంతో పేచీ లేదు. గంజాం జిల్లా బుగుడలోని విరంచి నారాయణ ఆలయం గోడల మీది రామాయణ చిత్రాలను మీ బృందం ఒకసారి వెళ్ళి చూసి రావాలని నా కోరిక. గచ్చు మీద ఎరుపూ, పసుపూ ఎలా నిలబడ్డాయో దగ్గరగా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

సిమెంటు పుట్టీని కాన్వాసు మీద అసలే వాడవద్దు, గుడ్డ కదిలినప్పుడల్లా పగుళ్ళు వేస్తుంది. ప్లైవుడ్ లేదా ఎం.డి.ఎఫ్. (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన) పలక మీద అయితే వాడవచ్చు గానీ, రంగుకు ముందు అక్రిలిక్ ప్రైమర్ పూత ఒకటి వేయాలి. పొడిని కలిపేటప్పుడూ, ఆరాక గరుకు కాగితంతో రుద్దేటప్పుడూ ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఖర్చు తగ్గాలంటే సుద్దపొడి రెండు పాళ్ళు, ఫెవికాల్ వంటి తెల్లజిగురు ఒక పాలు, చెంచాడు తెల్ల అక్రిలిక్ రంగు కలిపి పేస్టు చేసుకోవచ్చు. అయితే తెల్లజిగురు ఆరాక కూడా నీటికి మళ్ళీ మెత్తబడే గుణం ఉన్నది. దాని మీద నీళ్ళు నిలబడేలా వాష్ పోయకూడదు, ముందు మీడియం పూత వేసి తీరాలి.

పటచిత్రం విషయానికి వస్తే, చింతగింజల జిగురులో సుద్దపొడి కలిపి గుడ్డకు పట్టించి, రాతితో నున్నగా రుద్ది పటాన్ని తయారుచేస్తారు. అది గరుకును తీసివేసే పద్ధతి, మీరు చేస్తున్నది గరుకును పెంచే పద్ధతి. ఆ రంగుల్లో శంఖం నుంచి తీసే తెలుపు, దీపపు మసి నలుపు నిరపాయమైనవే. కానీ సంప్రదాయంగా పసుపుకు వాడే హరితాళంలో ఆర్సెనిక్, ఎరుపుకు వాడే హింగుళంలో పాదరసం ఉంటాయి. వాటిని నూరడం తరతరాలుగా ఆ పని తెలిసినవారికే చెల్లింది. పదిమంది కూర్చుని, మధ్యలో టీలూ పకోడీలూ తినే వర్క్‌షాపులోకి వాటిని తేవద్దు. గేరు, ఎల్లో ఓకర్, మసి, ఈ మూడు పొడులనూ అక్రిలిక్ మీడియంలో నూరుకుంటే మీ కోరిక చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: వర్షాకాలంలో పేస్టు త్వరగా ఆరడానికి హెయిర్ డ్రయ్యర్ వాడవచ్చా? (విద్యార్థిని, జయపురం)

జవాబు: పేస్టుకు వద్దు. వేడిగాలికి పైపొర ముందుగా బిగిసి, లోపలిది తరువాత కుదించుకుపోయి పగుళ్ళు వస్తాయి. ఫ్యాను గాలి చాలు. పలచని రంగు వాష్‌ల మధ్య మాత్రం డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి, మూరెడు దూరం నుంచి వాడవచ్చు.

ప్రశ్న: మా బడిలో పిల్లల చేత సవర బొమ్మలను టెక్స్చర్ పద్ధతిలో వేయించాలనుకుంటున్నాం. వాటికి రంగురంగులు వేయవచ్చా? (ఉపాధ్యాయుడు, రాయగడ)

జవాబు: మీరు అడిగి మంచి పని చేశారు. గజపతి, రాయగడ జిల్లాల సవర గిరిజనులు ఇంటి గోడ మీద వేసే ఇడితాల్ చిత్రం గోడకు అలంకారం కాదు, దేవతలకూ పితరులకూ సంబంధించిన మొక్కుబడి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపు పిండి తెలుపుతో, వెదురు పుల్లతో ఆ బొమ్మలు తీరుస్తారు. ఆ చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి బోర్డు మీద పెట్టి, మనుషులకు నీలం, గుర్రాలకు పసుపు నింపితే అది వాళ్ళదీ కాదు, పిల్లలదీ కాదు. మీ తరగతిలోనో చుట్టుపక్కలనో సవర కుటుంబాల పిల్లలు ఉంటారు. వాళ్ళ పెద్దలను పిలిచి, ఏవి వేయవచ్చో ఏవి వేయకూడదో ముందు అడగండి.

దాని నుంచి నేర్చుకోవలసినది మాత్రం పుష్కలంగా ఉంది. అక్కడ గరుకు అంటే గోడే. చేత్తో అలికిన మట్టిలో మెత్తిన వేళ్ళ జాడలు ఉంటాయి, రంగు అంటే ఒకే ఒక్క తెలుపు. మీ పిల్లల చేత బోర్డు నిండా పేస్టును అరచేత్తో అలికినట్టు పరిపించి, ఆరాక గేరు ఎరుపును రెండు పలచని పూతలుగా వేయించండి. రెండవ పూత ఆరకముందే తడిగుడ్డతో అక్కడక్కడా తుడిపిస్తే మట్టిగోడ తేటదనం వస్తుంది. దాని మీద పుల్లతో, ఒక్క తెలుపుతో, తమ ఊరి చెట్టునో సంతనో తమ సొంత రేఖల్లో వేయమనండి. పుల్ల గరుకు మీద ఎగుడుదిగుడుగా పోయి గీత అక్కడక్కడా తెగుతుంది, దాన్ని దిద్దనివ్వకండి. ఒకే రంగుతో పని చేయించిన తరగతిలో పిల్లలు ఒకరి రంగుల పెట్టెను ఒకరు చూసి చిన్నబోయే పరిస్థితి కూడా రాదు.

ప్రశ్న: ఇంట్లో పాత ఆయిల్ రంగులు ఉన్నాయి. వర్క్‌షాపుకు తీసుకెళ్ళవచ్చా? (పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: బాగా ఆరిన అక్రిలిక్ పేస్టు మీద ఆయిల్ రంగు నిలుస్తుంది, ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం నిలవదు. అయితే ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది, తలుపులు వేసిన హాలులో టర్పెంటైన్ వాసన పదిమందికి ఇబ్బంది. ఇంటి దగ్గరే వాడుకోండి.

ప్రశ్న: మా వర్క్‌షాపులో నేర్పే ఆవిడ అందరి బొమ్మల మీదా తానే కుంచె పెట్టి రంగులు దిద్దుతారు. బొమ్మ బాగుపడుతుంది, కానీ ఇంటికి తెచ్చుకున్నాక నాదని చెప్పుకోవాలనిపించదు. ఇది నా పట్టుదలా? (పాఠకురాలు, ఛత్రపురం)

జవాబు: పట్టుదల కాదు, న్యాయమైన మాట. ఆవిడ ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది, సమయం తక్కువై, అందరూ ఏదో ఒక చక్కని బొమ్మతో వెళ్ళాలన్న తపన అయి ఉంటుంది. కానీ టెక్స్చర్ చిత్రంలో ఇతరుల చేయి మామూలు చిత్రంలో కంటే ఎక్కువగా తెలిసిపోతుంది. గట్లు మీ చేతివి, మీరు నైఫ్‌ను ఎటు లాగారో ఆ దిక్కున ఉంటాయి. ఇంకొకరి కుంచె తన అలవాటు చొప్పున వేరే దిక్కున పోతే రంగూ గరుకూ ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి.

నేర్పేవారు తమ బోర్డు తాము పెట్టుకుని, అడిగినవారికి దాని మీదే చూపించాలి. మీరు ఆవిడతో, "అమ్మా, మీ అట్ట మీద ఒకసారి చూపించండి, నా దాని మీద నేను వేసి చూసుకుంటాను" అని నెమ్మదిగా అనండి, ఎవరూ నొచ్చుకోరు. నలుగురు మాటాడే మాటల వల్ల కూడా బొమ్మలు మారిపోతుంటాయి. పక్కావిడ "ఇక్కడ ఎరుపు పెట్టండి, నిండుగా ఉంటుంది" అంటుంది, చేయి అటు పోతుంది. అందుకే రంగులు వేసే గంటలో ఒకరి బొమ్మ గురించి ఒకరు మాట్లాడుకోకుండా, పూతలు ఆరే వ్యవధిలో బోర్డులన్నీ గోడకు ఆనించి అందరూ కలిసి చూసే పద్ధతి పెట్టుకుంటే బాగుంటుంది. అయిదారడుగుల దూరం నుంచి చూసినప్పుడు రంగు చాలిందో లేదో తన బొమ్మ గురించి తనకే తెలుస్తుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు, ఆపడమే మంచిది.

ప్రశ్న: తొమ్మిది మంది తొమ్మిది బోర్డుల మీద వేసి, జోడించి ఋషికుల్య నది ముఖద్వారం, తాబేళ్ళ చిత్రంగా సంఘం హాల్లో పెట్టాలనుకుంటున్నాం. అతుకుల దగ్గర రంగులు కలవడం లేదు. సముద్రపు ఇసుకను పేస్టులో కలపాలని కూడా అనుకుంటున్నాం. (తెలుగు సంఘం సభ్యులు, గంజాం)

జవాబు: ఇసుక మాట ముందు చెబుతాను. ఋషికుల్య ఒడ్డు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే చోటు, అక్కడి నుంచి ఇసుక తేవడం తగదు. పైగా ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ ఖనిజాలతో పాటు మోనజైట్ కూడా ఉంది, మోనజైట్‌లో రేడియోధార్మికత గల థోరియం ఉంటుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు వేరే ఉంటుంది, అది తేమను పీల్చి పేస్టును పట్టు తప్పిస్తుంది. మంచినీటితో కడిగి ఎండబెట్టిన మామూలు ఇసుకను జల్లెడ పట్టి వాడండి. ఒడ్డుకు వెళ్ళి ఇసుక రంగును మాత్రం చూసి రండి. అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద ఇల్మెనైట్ నల్లని చారలుగా, గార్నెట్ ఎర్రని జీరగా కనిపిస్తాయి. మీ చిత్రంలో ఇసుకకు ఉత్త పసుపు పూయకుండా ఆ నలుపూ ఎరుపూ సన్నగా పారిస్తే అది మీ ఊరి ఒడ్డే అని చూసినవారు గుర్తుపడతారు. రిడ్లే తాబేలు ముందరి రెక్కలను ఒకదాని తరువాత ఒకటిగా కదిలిస్తూ పాకుతుంది కాబట్టి ఇసుకలో దాని జాడ కుడి ఎడమలు ఎదురెదురుగా కాక, ఒకటి విడిచి ఒకటిగా పడుతుంది. పేస్టు తడిగా ఉన్నప్పుడే ఆ జాడలు గీసుకోండి. తాబేళ్ళన్నిటికీ రంగు వేయనక్కరలేదు, జాడల గాడుల్లో ముదురు వాష్ నిలబడితే చాలు.

అతుకుల సంగతికి వస్తే, తొమ్మిది మంది తొమ్మిది గిన్నెల్లో కలిపిన నీలం ఎన్నటికీ ఒకటి కాదు. నీటి రంగు, తడి ఇసుక రంగు, పొడి ఇసుక రంగు, ఈ మూడింటినీ మూడు మూతసీసాల్లో ఒకరే కలపాలి. ఒక్కో సీసాలోంచి చుక్క తీసి అట్ట మీద పూసి, ఆరాక ఆ అట్టను సీసాకే కట్టాలి, మధ్యలో మళ్ళీ కలపవలసి వస్తే తడి రంగును కాక ఆ ఆరిన అట్టను చూసి కలపాలి. మొదటి వాష్ వేసేటప్పుడు తొమ్మిది బోర్డులనూ నేల మీద ఆనుకునేలా పరిచి, కుంచెను ఒక బోర్డు మీద నుంచి పక్కదాని మీదకు ఆపకుండా లాగండి. అది ఆరాక ఎవరి బోర్డు వారు తీసుకుని మధ్యభాగంలో తమ ఇష్టం వచ్చినట్టు పని చేసుకోవచ్చు. అంచు నుంచి రెండంగుళాల మేర మాత్రం పక్కింటివారితో కలిసి కూర్చుని వేయాలి. పని మొదలుపెట్టకముందే ప్రతి బోర్డు వెనుక వరుస సంఖ్యనూ, పైకి చూపే బాణం గుర్తునూ పెన్సిల్‌తో రాసుకోండి.

హాల్లో వెలుతురు పక్కనుంచి పడే గోడను ఎంచుకోండి. ఎదురుగా ట్యూబులైటు ఉన్న గోడ మీద మీ జాడలేవీ కనిపించవు. వార్నిష్‌కు తొందరపడకుండా రెండు వారాలు ఆగి, మెరుపు లేని మాట్ రకం తీసుకుని, తొమ్మిది బోర్డులకూ ఒకే రోజున, ఒకే డబ్బాలోంచి, ఒకరి చేతే వేయించండి. లేకపోతే రంగుల్లో కుదిరిన పొత్తు మెరుపులో చెడుతుంది.